మొజాంబిక్ జీడి కార్మికులకు జవాబు చెప్పండి: ప్రపంచ బ్యాంకుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రపంచ బ్యాంకు అధ్యక్షులు అజయ్ బంగా గారికి, కార్యనిర్వాహక డైరెక్టర్లకు,

నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడి తోటల మీద బతికే ప్రాంతం. పక్కనే ఉన్న పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో మా తోటల పిక్కలతో పాటు ఓడల్లో వచ్చిన ఆఫ్రికా పిక్కలు కూడా కొట్టి పప్పు తీస్తారు. పంట అక్కడ పండుతుంటే పప్పు అక్కడే ఎందుకు తీయరు అన్న ప్రశ్న మా ప్రాంతంలో చాలామందికి వచ్చేదే. ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే మొజాంబిక్ దగ్గర ఆగాను. అక్కడ పప్పు తీసే ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఉండేవి. అవి మూతపడడంలో మీ సంస్థ పెట్టిన షరతుకు పెద్ద పాత్ర ఉంది. ఆ ఫ్యాక్టరీల కార్మికులు పాతికేళ్లకు ముందే తమ గోడు మీకు చెప్పుకున్నారు. వాళ్లకు ఇవ్వాల్సిన జవాబు ఇప్పటికీ బాకీగానే ఉంది. అందుకే ఈ లేఖ.

మొజాంబిక్ సంగతి నీకెందుకని మీరు అడగవచ్చు. భారతదేశం మీ బ్యాంకులో వాటాదారు. మీ బోర్డులో మా దేశం తరఫున మాట్లాడే డైరెక్టరు ఉన్నారు. మా పన్నుల డబ్బు అందులో ఉంది. పైగా మొజాంబిక్ నుంచి ఒలవకుండా వెళ్లిన పిక్కలు చేరింది మా దేశానికే. కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటున్నాను, అడగాల్సిన బాధ్యత అంతకన్నా ఎక్కువ ఉందనుకుంటున్నాను.

నాకు తెలిసిన విషయాలు ముందు చెబుతాను. తర్వాత మా కోర్కెలు.

1. ఆ దేశానికి జీడి పరిశ్రమ కొత్త కాదు. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి జీడిమామిడిని తెచ్చి ఇటు గోవాలో, అటు మొజాంబిక్ తీరంలో నాటారు. వలస పాలనలో చాలాకాలం అక్కడి పిక్కలు ఒలవకుండానే ఓడలెక్కి కేరళలోని కొల్లం వచ్చేవి. 1950ల నుంచి అక్కడే ఫ్యాక్టరీలు లేచాయి. ఆ దేశపు దక్షిణాది రాష్ట్రాలైన గాజా, ఇన్యంబానె పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు, భర్త చనిపోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, పిల్లల్ని ఒంటరిగా సాకుతున్నవాళ్లు, ఇప్పుడు మపూటో అని పిలిచే రాజధాని నగరంలో పిక్కలు కొట్టి బతికారు. 1970ల మొదట్లో మొజాంబిక్ ఏటా రెండు లక్షల టన్నులకు పైగా పిక్కలు అమ్మేది. ప్రపంచ పంటలో దాదాపు సగం ఆ ఒక్క దేశానిదే.

1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చింది. సమోరా మాషెల్ నాయకత్వంలోని ఫ్రెలిమో పార్టీ ప్రభుత్వం 1978లో ఒలవని పిక్కల ఎగుమతిని నిషేధించింది. పప్పు తీసే పని, దానితో వచ్చే కూలి, విదేశీ మారకం దేశంలోనే మిగలాలన్నది వాళ్ల ఉద్దేశం. వలస పాలన నుంచి బయటపడిన ఏ దేశమైనా మొదట ఆలోచించేది అదే. మా దేశమూ పత్తిని, ఇనుప ఖనిజాన్ని బయటికి పంపి, తయారైన సరుకు కొనుక్కునే స్థితి నుంచి బయటపడాలనే కదా 1947 తర్వాత అంత కష్టపడింది!

తర్వాత అంతర్యుద్ధం వచ్చింది. 1977 నుంచి 1992 దాకా సాగింది. దారుల్లో మందుపాతరలు పెట్టారు. పల్లెటూరి దుకాణాలు కాలిపోయాయి. ఈ దుకాణాల సంగతి కాస్త ఆగి చెప్పాలి. జీడి రైతు పిక్కలు ఏరి తెచ్చేది ఆ డబ్బుతో సబ్బు, బట్ట, పార కొనుక్కోవడానికి. కొనేందుకు దుకాణమే లేకపోతే తోటలో రాలిన పిక్కను వంగి ఏరేదెవరు? చెట్లు ముసలివయ్యాయి, బూడిద తెగులు పట్టింది. 1980ల్లో కొన్నేళ్లు పంట 30 వేల టన్నుల లోపుకు పడిపోయింది. ఇందులో మీ తప్పు లేదు, ఉందని నేను అనడమూ లేదు.

2. మీ పాత్ర మొదలైంది శాంతి వచ్చాక. 1992లో శాంతి ఒప్పందం కుదిరింది. ఎగుమతి నిషేధం పోయి దాని స్థానంలో ఎగుమతి పన్ను వచ్చింది. 1994, 95లో ప్రభుత్వ జీడి ఫ్యాక్టరీలను ప్రైవేటువాళ్లకు అమ్మేశారు. పిక్కల ఎగుమతిపై పన్ను ఉంటుంది, తమకు సరుకు దొరుకుతుంది అన్న నమ్మకంతోనే వాళ్లు డబ్బు పెట్టారు. సరిగ్గా అప్పుడు, 1995లో, మీ అప్పు కావాలంటే జీడి రంగాన్ని సరళీకరించడం, అంటే ఎగుమతి పన్ను తగ్గిస్తూ పోవడం, తప్పనిసరి షరతు అని మీ బ్యాంకు చెప్పింది. పన్ను 20 శాతానికి, ఆ తర్వాత 14 శాతానికి దిగింది. దాన్ని పూర్తిగా ఎత్తేసే దిశగా ఒత్తిడి సాగింది.

అప్పటికి మొజాంబిక్ ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. యుద్ధం వల్ల అన్నీ పోగొట్టుకుని, అప్పుల మాఫీ కోసం ఎదురుచూస్తున్న దేశం. అలాంటి ప్రభుత్వం ముందు మీరు పెట్టే కాగితాన్ని సలహా అనగలమా? కాదనే దారి వాళ్లకు లేదని మీకూ తెలుసు.

3. మీ వాదన ఏమిటో నేను చదివాను, దాన్ని పక్కన పెట్టడం లేదు. ఫ్యాక్టరీలకు చవగ్గా పిక్కలు దొరకాలని రైతుకు తక్కువ ధర కడుతున్నారు, యంత్రాలతో కొట్టే ఆ ఫ్యాక్టరీల్లో పప్పు ఎక్కువగా విరిగిపోతోంది, కాబట్టి పిక్కలు ఒలవకుండా ఇండియాకు అమ్ముకుంటేనే దేశానికి ఎక్కువ వస్తుంది, ఆ లాభం లక్షలాది రైతు కుటుంబాలకు చేరుతుంది అన్నారు. విరిగిన పప్పు సంగతి నిజమే. విరగని గుండు పప్పుకు వచ్చే ధర బద్దకు రాదు, నూకకు అసలే రాదు. ఇది మా పలాసలో ఏ కార్మికురాలిని అడిగినా చెబుతుంది. జీడి రైతు ఇంట్లో పుట్టినవాడిగా, రైతుకు ధర పెరగాలన్న మాటనూ నేను కాదనలేను.

కానీ ఆ ధర రైతుకు చేరిందా? మార్గరెట్ మెక్‌మిలన్, డానీ రోడ్రిక్, కారెన్ వెల్చ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2002లో లెక్క తీశారు. ఈ సంస్కరణ వల్ల సగటు జీడి రైతు కుటుంబానికి అదనంగా వచ్చింది ఏడాదికి 5.30 డాలర్లకు మించలేదు. ఏడాదికి! ఆ డబ్బుతో ఆ కుటుంబం కొత్త మొక్క నాటుతుందా, ముసలి చెట్లకు మందు కొడుతుందా? మిగిలిన లాభం మధ్యలో ఉన్న వ్యాపారుల దగ్గరే ఆగిపోయింది. దేశం మొత్తానికి కలిగిన కొద్దిపాటి మేలు, ఫ్యాక్టరీలు మూతపడి జరిగిన నష్టంతో దాదాపు సరిపోయిందని వాళ్లు తేల్చారు.

ఇంకో సంగతి. ఒలవని పిక్కలు కొనే పెద్ద దేశం ఆ రోజుల్లో ఒక్కటే, ఇండియా. కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు ధర ఎవరి చేతిలో ఉంటుందో ఉద్దానంలో బస్తా తూకానికి వెళ్లే ప్రతి రైతుకూ తెలుసు. మీ లెక్కల్లో మాత్రం దానికి తగినంత చోటు దక్కలేదు.

4. ఆ రంగంలో దాదాపు 10 వేల మంది కార్మికులు ఉండేవారు. కొత్త శతాబ్దం వచ్చేసరికి వాళ్లలో అత్యధికులు రోడ్డున పడ్డారు. వాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మపూటో లాంటి నగరంలో ఉద్యోగం పోతే ఏదో ఒక చిన్న బేరమైనా చేసుకోవచ్చు. అంగోషె లాంటి తీర పట్టణంలో జీడి ఫ్యాక్టరీ మూతపడితే నెల జీతం ఇచ్చే మరో పని ఎక్కడ ఉంటుంది? నెల జీతం అంటే బడి ఫీజు, బియ్యం, మందులు, ఊళ్లో ఉన్న అమ్మకు పంపే నాలుగు రూపాయలు. ఒక్క జీతం ఆగితే ఎన్ని పొయ్యిలు చల్లబడతాయో పలాసలో ఫ్యాక్టరీలు కొన్నాళ్లు బంద్ పెట్టినప్పుడల్లా మేం చూస్తూనే ఉన్నాం. అక్కడ బంద్ కొన్నాళ్లది కాదు, పూర్తిగా మూత.

అదే సమయంలో మీ సంస్థల కుటుంబంలో ప్రైవేటు కంపెనీలకు పెట్టుబడి ఇచ్చే ఐఎఫ్‌సీ, మపూటో దగ్గర మొజాల్ అల్యూమినియం ఫ్యాక్టరీకి 12 కోట్ల డాలర్లు సమకూర్చింది. అది 2000లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎగుమతి లెక్కలు ఒక్కసారిగా బాగుపడ్డాయి, అభివృద్ధి శాతం పైకెళ్లింది. వందకోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి పెట్టిన ఆ ఫ్యాక్టరీలో నేరుగా ఉద్యోగం దొరికింది వెయ్యి మందికి అటూఇటూ. ముడిసరుకు బయటినుంచి వచ్చేది, లోహం బయటికి వెళ్లేది. పల్లెలో పండే పంటకు, పట్టణంలో దొరికే పనికి ముడివేసే పరిశ్రమ జీడి. మూతపడింది అదే. పారిశ్రామికాభివృద్ధి అని దేన్ని అంటున్నామో మీరు ఇక్కడ ఆలోచించాలని నా మనవి.

5. ఇవన్నీ మీకు ఎవరూ చెప్పలేదని అనడానికి లేదు. మొజాంబిక్ జీడి కార్మికుల సంఘం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. 1997లో అప్పటి మీ అధ్యక్షులు జేమ్స్ వోల్ఫెన్‌సన్ మపూటో వచ్చారు, విషయాన్ని మళ్లీ పరిశీలిస్తామన్నారు. ఆ ఏడాది డెలాయిట్ సంస్థ చేసిన అధ్యయనం రైతులకు లాభం చేరలేదని, పరిశ్రమకు రక్షణ కొనసాగాలని చెప్పింది. 1999లో ఆ దేశ పార్లమెంటే ఒలవని పిక్కల ఎగుమతిపై 18 నుంచి 22 శాతం పన్ను వేసేలా చట్టం చేసింది. ప్రజలు ఎన్నుకున్న సభ మీ షరతుకు ఎదురు నిలబడాల్సి వచ్చిందంటే ఆ దేశంలో బాధ ఏ స్థాయికి చేరిందో అర్థం చేసుకోండి. అప్పటికే చాలా ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయి. యంత్రాలు తుప్పు పట్టాయి. పని తెలిసిన చేతులు చెల్లాచెదురయ్యాయి.

6. ఆ పరిశ్రమ పనికిరానిదేమీ కాదని తర్వాత రుజువైంది. 2000ల మొదట్లో నంపులా రాష్ట్రంలో నమీజె లాంటి చోట్ల చిన్న ఫ్యాక్టరీలు లేచాయి. పిక్కలను ఆవిరికి ఉడికించి, చేతి యంత్రంతో ఒక్కొక్కటిగా కోసే పద్ధతి, అంటే మన దగ్గర చేసే పద్ధతే, వాళ్లు తీసుకున్నారు. గుండ్ల శాతం పెరిగింది. పల్లెల్లోనే వేల మందికి పని దొరికింది. ఎగుమతి పన్ను ఉండడం దీనికి అండగా నిలిచింది. 1995లో షరతుకు బదులు ఈ పద్ధతి నేర్పించడానికి, యంత్రాలు మార్చుకోవడానికి నాలుగైదేళ్ల గడువు, కాస్త అప్పు ఇచ్చి ఉంటే ఆ 10 వేల మందిలో ఎంతమంది నిలబడేవారో! ఈ కొత్త ఫ్యాక్టరీలకూ కష్టాలు తప్పలేదు. వియత్నాం యంత్రాల పోటీ, పెట్టుబడికి అధిక వడ్డీ, పిక్కల కోసం ఎగుమతి వ్యాపారులతో పోటీ. కొన్ని మళ్లీ మూతపడ్డాయి. పంట లక్షన్నర టన్నుల స్థాయికి తిరిగి చేరినా ఈ సమస్య తీరలేదు.

7. మీ బ్యాంకు ఆలోచన కూడా మారింది. 2018లో పశ్చిమాఫ్రికా దేశం కోట్ దివార్‌లో (ఐవరీ కోస్ట్) జీడి రంగం కోసం 20 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశారు. అక్కడి పిక్కలను అక్కడే కొట్టే సామర్థ్యం పెంచడం దాని ఉద్దేశాల్లో ఒకటి. మంచి పని, మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాను. కానీ కోట్ దివార్‌లో ఇప్పుడు సరైన పని అయినది మపూటోలో అప్పుడు ఎందుకు తప్పు పని అయింది? ఈ మార్పు ఎలా వచ్చిందో మొజాంబిక్ కార్మికులకు చెప్పాల్సిన అవసరం లేదా? ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం అంక్టాడ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని జీడి పిక్కల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పండుతున్నాయి, ఆ ఖండంలో ఒలుస్తున్నది వాటిలో 15 శాతం కంటే తక్కువ.

8. ఇక మా సంగతి. ఆఫ్రికా పిక్కలు వస్తే ఇండియా బాగుపడిందని అనుకోకండి. బాగుపడినవాళ్లు ఉన్నారు, మా జీడి రైతు మాత్రం ఆ జాబితాలో లేడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. జీడి చెట్టు మళ్లీ నాటితే పూర్తి కాపుకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. మిగిలిన చెట్ల పిక్కలకైనా గిట్టుబాటు ధర ఇవ్వండి, 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు రావాలి, విదేశీ పిక్కలను అదుపు చేయండి అని రైతులు ధర్నాలు చేశారు. మా కేంద్ర ప్రభుత్వం 2018 బడ్జెట్‌లో ఒలవని పిక్కల దిగుమతి సుంకాన్ని 5 నుంచి 2.5 శాతానికి తగ్గించింది. 2019లో జీడిపప్పు సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. ముడిసరుకుకు తలుపు తెరిచి, తయారైన సరుకుకు మూసే ఏర్పాటు ఇది. నంపులాలో పిక్క కొట్టే చేతికి పని పోయేదీ, ఉద్దానంలో పిక్క పండించే చేతికి ధర పోయేదీ ఇందువల్లే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచను. పలాసలో వేలాది మంది అక్కచెల్లెళ్లు ఆ పిక్కలు కొట్టే, పొట్టు తీసే పనితోనే బతుకుతున్నారు. జీడి రసం తగిలి చేతులు కాలినా ఆ పని వదులుకోలేరు. ఆఫ్రికా పిక్కలు రేపే ఆపేస్తే మొదటి దెబ్బ వాళ్లకే తగులుతుంది. నేను కోరేది అది కాదు. ఉద్దానం తోటలు కోలుకుంటే పలాసకు కావలసిన పిక్కల్లో పెద్ద భాగం ఇక్కడే పండుతుంది. అక్కడి ఫ్యాక్టరీలు మెల్లగా పెరగడానికి, ఇక్కడి తోటలు మెల్లగా కోలుకోవడానికి పదేళ్ల ప్రణాళిక వేసుకుంటే ఏ ఊరి ఆడవాళ్లూ రోడ్డున పడాల్సిన పని లేదు. మొజాంబిక్‌కు 1995లో దొరకనిది ఈ వ్యవధే.

పై విషయాలు దృష్టిలో పెట్టుకుని మీ ముందు ఉంచుతున్న కోర్కెలు ఇవి:

ఒకటి. 1995 నాటి జీడి షరతుపై మీ స్వతంత్ర మూల్యాంకన విభాగం చేత పూర్తి విచారణ జరిపించండి. అప్పటి ఉత్తర ప్రత్యుత్తరాలు, అంచనాలు బయటపెట్టండి. ఆ నివేదిక పోర్చుగీసులో, ఎమఖువా, షంగానా లాంటి స్థానిక భాషల్లో కూడా రావాలి. ఉద్యోగం పోయినవాళ్లు చదువుకోగలగాలి, చదవలేనివాళ్లు వినగలగాలి.

రెండు. అప్పుడు పని పోయిన కార్మికుల్లో బతికున్నవాళ్లను ఆ దేశ ప్రభుత్వం, కార్మిక సంఘం సాయంతో గుర్తించండి. వాళ్లకు అందాల్సిన పరిహారం అందిందో లేదో తేల్చండి. అందనివాళ్లకు అప్పు రూపంలో కాకుండా గ్రాంటుగా చెల్లించే ఏర్పాటు చేయండి. వాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లు ఉంటాయి. ఇంకో పదేళ్లు కమిటీలు వేసుకుంటూ కూర్చునే వ్యవధి వాళ్లకు లేదు.

మూడు. ముడి వ్యవసాయ సరుకుల ఎగుమతిపై పన్ను వేసుకునే, పరిమితి పెట్టుకునే హక్కును ఏ అప్పు షరతులోనూ, ఏ రుణమాఫీ షరతులోనూ తాకబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. అంతర్జాతీయ ద్రవ్యనిధి చేత కూడా అదే మాట చెప్పించండి.

నాలుగు. కోట్ దివార్‌కు ఇచ్చినట్టే మొజాంబిక్ జీడి ఫ్యాక్టరీలకు తక్కువ వడ్డీకి పెట్టుబడి ఇవ్వండి. పిక్కల సీజనులో సరుకు కొనుక్కోవడానికి చేతిలో డబ్బు లేకపోవడమే చిన్న ఫ్యాక్టరీ మూతపడడానికి పెద్ద కారణం. ముందు దాన్ని తీర్చండి. ముసలి చెట్ల స్థానంలో కొత్త మొక్కలు నాటే రైతుకు కాపు వచ్చేదాకా సాయం చేయండి.

ఐదు. ఇది మా కేంద్ర వాణిజ్య శాఖకు, మీ బోర్డులో కూర్చున్న మా భారత డైరెక్టరుకు కూడా. పై నాలుగు కోర్కెలను బోర్డులో భారతదేశమే ప్రతిపాదించాలి. ఉద్దానంలో తోటలు తిరిగి నాటడానికి నిధి, పిక్కలకు మద్దతు ధర ప్రకటించాలి. మొజాంబిక్‌లో ఒలిచిన పప్పుకు సుంకం అడ్డం లేకుండా, పలాస, కొల్లం కార్మికుల ఉపాధి దెబ్బతినకుండా ఏటా ఎంత పరిమాణం రానివ్వవచ్చో ఆ కార్మికుల సంఘాలతోనే కూర్చుని తేల్చాలి.

వచ్చే పిక్కల సీజను ఉద్దానంలో మార్చిలో మొదలవుతుంది. ఆలోగా మొదటి రెండు కోర్కెల మీద మీ నిర్ణయం ఏమిటో బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను. ఈ లేఖ చదివిన జీడి రైతులు, కార్మికులు, ఆఫ్రికా దేశాల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఎవరైనా దీన్ని ఇంగ్లిషులోకి, పోర్చుగీసులోకి మార్చి అక్కడి సంఘాలకు చేరవేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఉద్దానం జీడి రైతు ఒకరు
శ్రీకాకుళం జిల్లా